ప్లాటు ముందా, బాట ముందా?

పట్టణ ప్రణాళిక విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి, విరమణ తర్వాత హన్మకొండలో ఉంటూ ఈ శీర్షిక రాస్తున్నాను. బడులు తెరిచిన నెల కావడంతో ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు రోడ్ల గురించే వచ్చాయి. ఒకే మాట అడిగిన వాటిని కలిపి, ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: 1980లో కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ రోడ్డుకు సైకిలు మీద వెళ్లేవాణ్ని. ముప్పావు గంట పట్టేది. ఇప్పుడు సాయంత్రం పూట మా అబ్బాయి కారులో తీసుకువెళ్లినా అంతే పడుతోంది. పల్లెల నుంచి జనం ఇలా వచ్చి పడుతుంటే ఏ ప్రణాళిక మాత్రం ఏం చేయగలదు? ఈ రాకను ఆపే మార్గం లేదా?
– రైల్వే విశ్రాంత ఉద్యోగి, కాజీపేట

జవాబు: సార్, మీ విసుగు న్యాయమైనదే. కానీ తప్పు జనం మీద మోపడానికి నాకు మనసు ఒప్పదు, లెక్కలూ ఒప్పవు. 2001 జనగణన నాటికి వరంగల్ నగర జనాభా సుమారు 5.3 లక్షలు. 2011 నాటికి సుమారు 6.2 లక్షలు. పదేళ్లలో పదిహేడు శాతం పెరిగింది. దేశ జనాభా పెరుగుదల కూడా ఆ పదేళ్లలో ఇంచుమించు అంతే. అదే పదేళ్లలో దేశంలో నమోదైన వాహనాలు 5.5 కోట్ల నుంచి 14 కోట్లు దాటాయి. అంటే ఆరుగురు మనుషులున్న చోట ఏడుగురయ్యారు, రెండు బండ్లున్న చోట ఐదయ్యాయి. మీ కారుకు అడ్డం వస్తున్నది ఆ ఏడో మనిషి కాదు.

ఆ తర్వాత చుట్టుపక్కల 42 గ్రామాలను నగరంలో కలిపారు. విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లు దాటింది, జనాభా లెక్క ఎనిమిది లక్షలు దాటింది. ఆ గ్రామాల వారు ఎక్కడి నుంచో వచ్చినవారు కారు. తాతల నాటి నుంచి వాళ్లున్న చోటికే నగరం వెళ్లింది. ఇక రోజూ వచ్చిపోయే వారెవరో చూడండి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి ఎంజీఎం ఆసుపత్రికి వచ్చే రోగులు, వారి వెంట వచ్చేవారు. ఏనుమాముల మార్కెట్టుకు పత్తి, మిర్చి తెచ్చే రైతులు. కాకతీయ విశ్వవిద్యాలయంలో, నిట్‌లో చదివే పిల్లలు. వీళ్లే లేకపోతే ఈ ఊరికి బతుకేమిటి? వీళ్లను ఆపాలని కోరుకునే నగరాన్ని నేను ఊహించలేను.

మరి చిక్కు ఎక్కడుంది? మన ఊరి ఆకారంలో కొంత ఉంది. కాజీపేట, హన్మకొండ, వరంగల్ మూడు వేర్వేరు ఊళ్లుగా పెరిగి, దండలో పూసల్లా ఒకే రోడ్డుకు గుచ్చుకున్నాయి. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్‌కు రైలు దారిలో పది కిలోమీటర్లు. ఆ పొడవునా ఒక పక్క రైలు పట్టాలు, మధ్యలో వడ్డేపల్లి చెరువు, భద్రకాళి చెరువు, పద్మాక్షి గుట్ట. ఇవి మన అదృష్టం. వీటిని చెరిపేసి రోడ్డు వేయమని ఎవరైనా అంటే నేను అడ్డం నిలబడతాను. అయితే ఇవి ఉన్నాయని తెలిసి, వాటికి ఇవతల ఒకటి, అవతల ఒకటి సమాంతర రహదారులను యాభై ఏళ్ల కిందటే కాగితం మీద గీసి, ఆ భూమిని కాపాడి ఉండాల్సింది. ఉన్నదల్లా హంటర్ రోడ్డు లాంటి ఒకటి రెండు దారులు. పట్టాలకు దక్షిణాన ఉన్న శివనగర్, కరీమాబాద్, రంగశాయిపేట వాసులు ఊళ్లోకి రావాలంటే వంతెన కిందుగానో వంతెన మీదుగానో రావాలి. వేలాది ఇళ్లు, వేళ్ల మీద లెక్కించదగిన దారులు.

ఆ గీత ఎందుకు గీయలేదని అడుగుతారు. ప్లాన్ అయితే ఒకసారి గీశారు. 1970ల తొలినాళ్లలో మాస్టర్ ప్లాన్ తయారైంది. అప్పటి జనాభా రెండు లక్షల పైచిలుకు. తర్వాతి ప్లాన్, 2041 వరకు చూపు సారించి చేసినది, 2024 నవంబరులో గానీ ఆమోదం పొందలేదు. రెండు లక్షల మంది కోసం కుట్టిన చొక్కాను మూడింతలు పెరిగిన ఊరికి ఇన్నేళ్లు తొడిగాం. నా ఉద్యోగ జీవితమంతా ఆ చొక్కా అతుకులతోనే గడిచింది. ఇది నాకు తీరని బాధ.

జనం ఎక్కువైతే చేయగలిగిందేమీ లేదనే మాటకు మన ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే జవాబుంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు కోటి మందికి పైగా వస్తారని అధికారులు అంచనా వేస్తారు. అడవిలో చిన్న ఊరు. అయినా కదులుతారు. ఎలాగంటే, ఆర్టీసీ బస్సులకు తాడ్వాయి మీదుగా ఒక దారి, సొంత వాహనాలకు పస్రా మీదుగా మరో దారి ముందే కేటాయిస్తారు. సొంత వాహనాలు వెళ్లే దారి వేరు, తిరిగి వచ్చే దారి వేరు. బస్సులకు ప్రత్యేక ప్రాంగణం, వరుసలు. ఎంతమంది వస్తారో ముందే లెక్కగట్టి, రోడ్డును ఎవరికి ఎంత ఇవ్వాలో ముందే తేల్చుకుంటారు. అక్కడా గంటల తరబడి ఆగిన రోజులున్నాయి, కాదనను. కానీ నాలుగు రోజుల కోసం అంత శ్రద్ధ పెట్టగలిగిన వాళ్లం, మిగతా రోజుల కోసం అందులో పదో వంతు పెట్టినా మీ ముప్పావు గంట తగ్గుతుంది.

ప్రశ్న: మా నాన్న పెట్టిన కిరాణా దుకాణం నడుపుతున్నాను. రోడ్డు వెడల్పు చేస్తే ముందువైపు పది అడుగులు పోతాయని అందరూ అంటున్నారు. ఇచ్చేస్తే నిజంగా రద్దీ తగ్గుతుందా? తగ్గేటట్టయితే ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.
– చిరువ్యాపారి, వరంగల్

జవాబు: మీ చివరి వాక్యం చదివి కాసేపు ఆగిపోయాను. అలా రాసేవారు తక్కువ. అందుకే మీకు సూటిగా చెప్పాలి.

మీ దుకాణం కూడలికి ఎంత దూరంలో ఉందన్న దాని మీద జవాబు ఆధారపడి ఉంటుంది. నగర రోడ్డు బిగుసుకుపోయేది నడిమధ్యలో కాదు, చౌరస్తాలో. నాలుగు వైపుల నుంచి బండ్లు వచ్చే చోట ఒక్కో వైపుకు పచ్చదీపం వెలిగేది గంటలో పదిహేను నిమిషాలైనా ఉండదు. మిగతా సమయమంతా ఆగి ఉండటమే. రెండు చౌరస్తాల నడుమ రోడ్డును ఎంత వెడల్పు చేసినా, చౌరస్తా దాటించగలిగినన్ని బండ్లే దాటుతాయి. గరాటు పైభాగం పెద్దది చేసినంత మాత్రాన కింది గొట్టంలోంచి నూనె ఎక్కువ దిగదు. మీరు చౌరస్తా మూలకు దగ్గరగా ఉంటే ఆ పది అడుగులకు విలువ ఉంది. ఎడమకు తిరిగే బండ్లు ఆగకుండా పోవడానికి అది చాలు. దూరంగా ఉంటే, గోడ కూల్చే ముందు చేయాల్సిన చవక పనులు చాలా ఉన్నాయి. చౌరస్తా మూలనే ఆగే బస్సును డెబ్బై, ఎనభై మీటర్లు అవతలికి జరపాలి. ఆటోలకు రోడ్డు లోపలికి ఒక గూడులాంటి చోటు ఇవ్వాలి. ఎడమ మలుపు దగ్గర నిలిపిన బండ్లను తీయించాలి. ఈ మూడింటికీ ఇటుక పని పెద్దగా లేదు, పట్టుదల కావాలి.

వెడల్పు చేయడంతోనే రద్దీ పోతుందని నమ్మిన నగరాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో కేటీ ఫ్రీవే అనే పెద్ద రహదారిని 2008 నాటికి విస్తరించారు. పక్క రోడ్లతో కలిపి కొన్ని చోట్ల ఇరవైకి పైగా వరుసలు. కొన్నేళ్లకే సాయంత్రం ఇంటికి చేరే సమయం మళ్లీ పెరిగింది. ఖాళీ కనపడగానే ఇంతకాలం బస్సెక్కినవారు, వేళ మార్చుకుని వెళ్లినవారు, దగ్గరలో ఉన్నవారు కూడా బండి తీశారు. ఊరి చివర కొత్త ఇళ్లు లేచాయి. దక్షిణ కొరియా రాజధాని సియోల్ దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పని చేసింది. చంగ్యేచాన్ అనే వాగు మీద కట్టిన ఎత్తైన రహదారిని 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005 నాటికి ఆ వాగును మళ్లీ పారించింది. బస్సుల వ్యవస్థనూ అప్పుడే సంస్కరించుకుంది. నగరం ఆగిపోలేదు. మన నయీంనగర్ నాలా పక్కన నిలబడినప్పుడల్లా నాకు ఆ వాగు గుర్తొస్తుంది.

కాబట్టి అభిప్రాయాలు అడిగినప్పుడు మీరు ఒక్క మాట పట్టుకోండి. కొత్తగా వచ్చే స్థలం దేనికి? అందులో కాలిబాట ఎన్ని అడుగులు, బస్సు ఆగే చోటు ఎక్కడ, గీతలు గీసిన నమూనా చూపించమనండి. కాలిబాటకూ బస్సుకూ అయితే ఇవ్వండి, మీ దుకాణానికీ మేలే. నడిచేవాడే ఆగి పావుకిలో పప్పు కొంటాడు. నమూనా లేకుండా వెడల్పు చేస్తే ఆరు నెలలు తిరగకుండా ఆ పది అడుగుల్లో కార్లు నిలుస్తాయి. మీ నాన్న దుకాణం వెనక్కి జరిగింది కార్ల కోసమా అని అప్పుడు మీ మనసు కష్టపడుతుంది. నష్టపరిహారం డబ్బు రూపంలోనే కాక, పోయిన స్థలానికి బదులుగా మరోచోట అదనపు అంతస్తు కట్టుకునే హక్కు రూపంలో కూడా ఉంటుంది. దాన్ని టీడీఆర్ అంటారు, అమ్ముకోవచ్చు. సంతకం పెట్టే ముందు రెండూ కనుక్కోండి.

ప్రశ్న: మన నగరానికి మెట్రో వస్తే కష్టాలు తీరుతాయంటారా?
– డిగ్రీ విద్యార్థి, హన్మకొండ

జవాబు: ముందు బస్సు రానివ్వండి. సుమారు మూడు మీటర్ల వెడల్పున్న ఒక వరుసలో గంటకు కార్లలో దాటగలిగేది 600 నుంచి 1,600 మంది. అదే వరుసను బస్సులకే కేటాయిస్తే 4,000 నుంచి 8,000 మంది. ఇది అమెరికా నగర రవాణా అధికారుల సంఘం ప్రకటించిన లెక్క. ఇది సాధించడానికి స్తంభాలు అక్కర్లేదు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంలో మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైనప్పుడు బస్సులు ఎలా నిండాయో మీరూ చూశారు. బస్సు ఎక్కాలన్న కోరిక జనంలో ఉంది. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా ప్రతి ఐదు నిమిషాలకు ఒక బస్సు, అది కూడా రాత్రి పది వరకు, నమ్మకంగా నడిచిన రోజున మెట్రో గురించి మాట్లాడుకుందాం. అప్పటికి దాని అవసరం ఎంతో కూడా తెలుస్తుంది.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం. హసన్‌పర్తి వైపు ఒక వెంచరులో 200 గజాల ప్లాటు చూశాం. లోపల నలభై అడుగుల రోడ్లు, చుట్టూ ప్రహరీ, పెద్ద కమాను. ధర కూడా అందుబాటులో ఉంది. ట్రాఫిక్ లేని ప్రశాంతమైన చోటని చెబుతున్నారు. కొనవచ్చా?
– ఒక సోదరి, గోపాలపురం

జవాబు: అమ్మా, కమాను చూడకు. రోడ్డు చివర చూడు.

ఎందుకంటున్నానో నా తప్పుతోనే చెబుతాను. 1990లలో, అప్పుడు నేను పనిచేస్తున్న పట్టణంలో, ఒక లేఔటు మీద సంతకం చేశాను. అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి. తూర్పువైపు ముప్పై అడుగుల రోడ్డు ఒక పొలం గట్టు దగ్గర ఆగింది. ఆ పొలం కూడా రేపో మాపో ప్లాట్లవుతుందని, అప్పుడు ఈ రోడ్డు అందులోకి సాగాలని ఫైలులో ఒక్క వాక్యం రాసి ఉండాల్సింది. రాయలేదు. కొన్నేళ్లకు ఆ పొలమూ వెంచరైంది. సరిగ్గా మా రోడ్డు ఆగిన చోట వాళ్లు రెండు ప్లాట్లు గీసి అమ్ముకున్నారు. అక్కడిప్పుడు మూడంతస్తుల ఇల్లుంది.

ఆ ఇంటికి ఇవతల మొదటి వెంచరులో పిల్లలు, అవతల రెండో వెంచరులో బడి. మేడ మీద నిలబడితే బడి గంట వినిపిస్తుంది. దారి ఉంటే నడక రెండు నిమిషాలు. దారి లేదు. కాబట్టి ఇంటి నుంచి ప్రధాన రహదారికి వచ్చి, దాని మీద కొంత దూరం పోయి, వెనక్కి మళ్లి, రెండో వెంచరు కమాను గుండా లోపలికి వెళ్లాలి. దాదాపు రెండు కిలోమీటర్లు. చిన్న పిల్లల్ని ఆ రహదారి మీద ఎవరు నడిపిస్తారు? ప్రతి ఇంటి నుంచి ఒక స్కూటరు బయలుదేరుతుంది. దింపి ఒకసారి, తెచ్చి ఒకసారి, రోజుకు నాలుగు విడతలు రహదారి మీదే. ఒక్క ముప్పై అడుగుల ముక్క కలవనందుకు అన్ని స్కూటర్లు రోడ్డెక్కాయి. ఇలాంటి వెంచర్లు ఒక రోడ్డుకు రెండు పక్కలా ఇరవై ఉంటే ఏమవుతుందో ఊహించుకో. వాళ్లు మీకు అమ్ముతున్న ప్రశాంతత ప్రహరీ లోపలే ఉంటుంది. దాని బరువంతా బయట రోడ్డు మీద పడుతుంది. ఆ రోడ్డు మీదే కదా మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్లాల్సింది.

ఆ తర్వాత నేను చూసిన ప్రతి లేఔటులోనూ ముందు రోడ్డు చివరలే చూశాను. ఎందరికో కోపం వచ్చింది. ఇద్దరు యజమానులను ఒకేచోట కూర్చోబెట్టి రెండు రోడ్లు కలిపించడానికి ఒకసారి పద్నాలుగు నెలలు పట్టింది. కలిశాయి. ఇప్పటికీ అటుగా వెళితే బండి దిగి ఆ అతుకు దాటి నడుస్తాను.

కాబట్టి మీరు ఒక ఆదివారం పొద్దున్నే ఆ వెంచరుకు వెళ్లండి. ప్రతి రోడ్డు చివరకూ నడవండి. గోడ ఉంటే, గోడ అవతల ఏముందో చూడండి. లేఔటు పటంలో ఆ చివరలు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో చూడండి. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, మనం కుడా అంటాం కదా, దాని ఆమోదం సంఖ్య, స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన రెరా నమోదు సంఖ్య అడిగి, మాస్టర్ ప్లాన్ పటంలో మీ ప్లాటు మీదుగా ప్రతిపాదిత రోడ్డు ఏదైనా పోతోందేమో సరిచూసుకోండి. పదోవంతు స్థలం పార్కులాంటి వాటికి వదిలారో లేదో, వదిలింది మూలన రాళ్లగుట్ట మీదనో అందరికీ అందేచోటో గమనించండి.

ఇంకొకటి, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. 2020 ఆగస్టులో నయీంనగర్, ఆ చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో, 2023 జులైలో మళ్లీ ఏం జరిగిందో మీరు మరిచిపోయి ఉండరు. నీటికి తన దారి గుర్తుంటుంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నిల్వ మట్టం గీత నుంచి ముప్పై మీటర్లు, చిన్న చెరువులకు తొమ్మిది మీటర్లు వదిలి కట్టాలన్నది నిబంధన. పది మీటర్ల కంటే వెడల్పైన వాగుకు తొమ్మిది మీటర్లు, సన్న నాలాకు రెండు మీటర్లు. ఎండాకాలంలో ఇవేవీ కనపడవు. అందుకని ప్లాటు ఎండలో చూసి, వానలో మళ్లీ చూసి కొనాలి. అక్కడ పశువులు మేపే ముసలివాళ్లను అడిగితే నీళ్లు ఎక్కడి దాకా వచ్చేవో వేలు పెట్టి చూపిస్తారు.

ఇవన్నీ సరిపోతే కొనండి. ఒక రోడ్డు చివర మూసి ఉంటే, కొనేముందే మిగతా కొనుగోలుదారులతో కలిసి తెరిపించమని పట్టుబట్టండి. డబ్బు కట్టిన తర్వాత ఆ మాట ఎవరూ వినరు.

ప్రశ్న: మా బడి గేటు ముందు రోడ్డు దాటడానికి రోజూ చాలాసేపు నిలబడతాం. కాలిబాట మీద బండ్లు పెడతారు కాబట్టి రోడ్డు మీదే నడుస్తాం. మొన్న మా తమ్ముడి చెప్పు రోడ్డు మధ్యలో జారిపోతే భయపడి ఏడ్చాడు. మేం చిన్నపిల్లలం, మేం ఏమైనా చేయగలమా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, కాజీపేట

జవాబు: చేయగలరు తల్లీ. నీ ఉత్తరం అన్నిటికంటే ముందు వేయాల్సింది, వివరంగా రాయాలని చివర పెట్టాను.

మొదట నీకు తెలియాల్సిన కొలతలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని మన దేశంలో రోడ్ల ప్రమాణాలు తయారుచేసే సంస్థ ఉంది. కాలిబాట మీద అడ్డం లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఉండాలని అది చెప్పింది. చెట్టు, స్తంభం, బండి, ఏదున్నా అది ఆ 1.8 మీటర్లకు బయటే ఉండాలి. ఇక రోడ్డు దాటడం. మామూలుగా మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క వేస్తారు. మీ బడి ముందు రోడ్డు 18 మీటర్లు ఉంటే దాటడానికి పదిహేను సెకన్లు కావాలి. మీ తమ్ముడికీ, మీ నానమ్మకూ ఇంకా ఎక్కువ. మధ్యలో డివైడరు దగ్గర నిలబడేంత చోటు ఉంటే సగం సగంగా దాటవచ్చు. 2006లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పట్టణ రవాణా విధానం కూడా రోడ్డు స్థలం పంచేటప్పుడు వాహనాలను కాకుండా మనుషులను చూడాలని చెప్పింది. అంటే నువ్వు అడుగుతున్నది దయ కాదు, ప్రభుత్వం రాసుకున్న మాటే.

ఇప్పుడు పని. మీ తరగతిలో ఆరుగురు కలవండి, మీ ఉపాధ్యాయుల అనుమతి తీసుకోండి, ఒకరిని తోడు ఉండమనండి. ఒక నోటు పుస్తకంలో నిలువు గీతలు గీసి నడిచేవారు, సైకిళ్లు, ద్విచక్ర వాహనాలు, ఆటోలు, కార్లు, బస్సులు అని రాయండి. ఒక్కొక్కరు ఒక్కొక్క దాన్ని లెక్కపెట్టండి. ప్రతి ఐదోదానికి అడ్డగీత కొడితే తప్పు రాదు. బడి వేళకు ముందు ఒక గంట, బడి వదిలాక ఒక గంట, పదిహేను నిమిషాలకు ఒక వరుస చొప్పున. బండ్ల పక్కన వాటిలో ఎందరున్నారో కూడా రాయండి, అదే ముఖ్యం. ఒక కొలత టేపుతో కాలిబాట వెడల్పు, దాని మీద బండ్లు నిలిపాక మిగిలిన వెడల్పు రెండూ కొలవండి. రోడ్డు దాటడానికి ఎదురుచూసిన సెకన్లు పదిమందివి రాయండి.

మంగళ, బుధ, గురువారాల్లో చేయండి. పండగ వారం, పరీక్షల వారం వద్దు. ఆ రోజు ఎండో వానో పేజీ పైన రాయండి. కాగితాలు మీ బడి ద్వారా పత్రిక చిరునామాకు పంపితే, వాటిని పటంగా గీసి అర్జీతో పాటు నగరపాలక సంస్థ కార్యాలయానికి నేను స్వయంగా తెస్తాను. మీలో ఇద్దరు, మీ టీచరుతో కలిసి నాతో రండి. లెక్క పెట్టేటప్పుడు మాత్రం గేటు లోపల గోడ నీడన నిలబడండి, రోడ్డు అంచున వద్దు.